అయిదో వాడికి దారి దొరికింది

సభకు పెద్దగా కూర్చున్న మా ఊరి బేస్‌బాల్ జట్టు కోచ్ గస్ గారికీ, పొద్దున్నే చొక్కాలు ఇస్త్రీ చేసుకుని వచ్చిన పెద్దలకీ, ఇంకా నిద్రమొహాలతోనే ఉన్న ఆటగాళ్ళకీ నమస్కారం. నా పేరు వెర్నా అని అందరికీ తెలుసు, అయినా చెప్పకపోతే ఎవరీ ముసలమ్మ అనుకుంటారేమోనని భయం. (నవ్వులు)

రెండేళ్ళుగా మా ఇంట్లో ఉంటూ మన జట్టుకు ఆడుతున్న యోర్డీకి ఈ వీడ్కోలు ఫలహారం. నిన్న వాణ్ణి ఇంకో జట్టుకు ఇచ్చేశారు. ఆ సంగతి ఊరందరిలోకీ ఆఖరున తెలిసింది నాకే. ఆట మధ్యలో వాణ్ణి మైదానంలోంచి పిలిచేశారు, కుర్రాళ్ళంతా వాటేసుకుంటున్నారు, నేనేమో కాలు విరిగిందనుకుని ఐసు సంచీ పట్టుకుని కంచె దగ్గరికి పరుగెత్తాను. "దెబ్బ కాదమ్మా, నన్ను వేరే జట్టుకిచ్చేశారు" అంటాడు వాడు. "ఇస్తే ఇచ్చారు, ముందు కాలు చూపించు" అంటాను నేను. (నవ్వులు) నవ్వకండి గస్ గారూ, మీరూ అక్కడే నిలబడి ముక్కు చీదుకున్నారు.

జూలై అంతా నాకు నిద్ర లేదు. ఆటగాళ్ళను మార్చుకునే గడువు ముగిసేలోగా, మన చిన్న జట్టును పోషించే పై జట్టువాళ్ళు ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకుంటారోనని బెంగ. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడి ఆడే కుర్రాళ్ళు మన దగ్గర అయిదుగురాయె. ఇంతమంది ఎందుకని అడిగితే గస్ గారు, "మీ పక్కింటి ఓపల్ జుకినీ పాదు చూళ్ళేదా వెర్నా?" అన్నారు. ఏమనుకోకు ఓపల్. కాపు లేని ఏడు ఒక్క కాయ అడిగినా ఇవ్వదు, విరగకాసిన ఏడు మనం కారు తలుపు తాళం మరిచామా, సీటు నిండా కాయలే. "తిన్నన్నాళ్ళూ తిని ఇప్పుడు నన్నంటావా!" అని అరుస్తోంది చూడండి. (నవ్వులు) పై జట్టుదీ అదే తీరట. ఒక్కడే ఉంటే, బదులుగా బంతి విసిరే మొనగాడు దొరుకుతున్నా ఆ ఒక్కణ్ణీ వదులుకోలేరు, చేతులు కట్టేసినట్టే. అయిదుగురుంటే, అవతలివాళ్ళు మొదటివాణ్ణి అడిగినా "అతను కుదరదు, ఇతన్ని చూడండి" అని దర్జాగా బేరమాడొచ్చు. ఒకణ్ణి ఇచ్చినా గాదె ఖాళీ అవదు.

వాళ్ళకు బాగానే ఉంది, వరసలో నలుగురి వెనక నిలబడ్డవాడి మాటేమిటి? వీణ్ణి ఎవరికీ ఇవ్వకూడదని చర్చిలో మోకాళ్ళు అరిగేలా ప్రార్థించాను గానీ, ఇవ్వకపోతే ఇక్కడే నా వంట తింటూ ముసలివాడైపోతాడని నాకు తోచలేదు. కొత్త జట్టులో ఆ చోట ఆడేవాడికి మోకాలు పోయిందట, వెనక ఇంకెవరూ లేరట. పాపం. పాపమంటూనే నా గుండె గంతులేస్తోంది, దేవుడు తిట్టుకుంటాడేమో. అయినా వీణ్ణి పెద్ద జట్టులోనే ఆడిస్తారో, ఇలాంటి ఇంకో చిన్న ఊరికి పంపిస్తారో ఇంకా చెప్పలేదు. నాకైతే ముద్ద...

(యోర్డీ ఫోను మోగింది.)

ఎత్తు నాయనా, ఎత్తు! నేనాగుతాను. ఏమంటున్నారు? అయ్యో, తొందరగా చెప్పు!

"ఈ సాయంత్రమే ఆడాలటమ్మా. పెద్ద జట్టులో!"

(చప్పట్లు, ఈలలు)

బల్లలెక్కకండర్రా, విరుగుతాయి! సరే, విరిగితే విరగనివ్వండి! గస్ గారూ, మీ కారు తీయండి, నాది దారిలో ఆగిపోతుందేమోనని భయం. యోర్డీ, ముద్దులు తర్వాత, ముందు బూట్లు వేసుకో! ఇంత పొద్దున్నే వచ్చినందుకు మీకూ, నా ప్రార్థన చెవిన పెట్టనందుకు దేవుడికీ దండాలు. సెలవు.