పన్నెండు మెట్ల వాల్యూమ్

మొదటి షిఫ్టు దిగి సెంటినరీ కాలనీ మూలమీద సారవ్వ చాయ్ హోటల్ల కూసున్నం. మే నెల, పైన రేకులు, కింద ఉడుకపోత. ఇంకో పది రోజులైతే జూన్ రెండు, తెలంగాణ అస్తది, కాలనీ గ్రౌండ్ల పెద్ద సభ. మైకు సెట్టు ఎవలకు ఇయ్యాల్నో చూసేది యూనియన్ రాయమల్లు. మంచిర్యాలకెల్లి డీజే తెప్పిద్దామని ఆయన నోట్లె మాట నోట్లెనే ఉంది, మైకు మెకానిక్ కొమురెల్లి చాయ్ గిలాస బల్లమీద టక్కున పెట్టిండు. ఇరవై ఏండ్లసంది ఈ కాలనీల పెండ్లయినా పేరంటమైనా ఆయన మైకే.

"డీజేనా రాయమల్లన్నా? కడుపుల గుద్దినట్టు దుబ్బుదుబ్బుమంటది, అండ్ల మనిషి మాట ఇనవడ్తదా? నేను గొప్పలు చెప్పుకునేటోణ్ణి కాదు..."

"అబ్బో, ఎన్నడన్న చెప్పుకున్నవా పాపం!" అన్నది సారవ్వ, పొయ్యికాడికెల్లి.

"నువ్వు చాయ్ కాయి అక్కా. సకల జనుల సమ్మె యాదికున్నదా? రామకృష్ణాపూర్ లస్మవ్వను పాటకు పిలిచిండ్రు. ఆమె గొంతు మీకెరుకే, షురువు జేసేటప్పుడు పసిపిల్లను నిద్రపుచ్చినట్టు సన్నగుంటది, మీదికి ఎత్తుకున్నదంటె గని సైరనే. మన యూనియన్ ఆంప్లిఫయర్ డబ్బానేమో ముసల్ది. వాల్యూమ్ ముట్టుకుంటె చాలు, గరగర గరగర, పెంకమీద ఇసుక ఏంచినట్టు. నాలుగు మాటలు పాడిందో లేదో జనం కిసకిస నవ్వవట్టె. ఆమె మైకు కింద పెట్టి, 'బిడ్డా, ఈల్లు నా పాట ఇంటలేరు, నీ డబ్బా దగ్గుడు ఇంటాండ్రు. రేపొక్కసారి పాడుత. రేపు గూడ గిట్లనే అయితె మల్ల ఈ గడ్డ తొక్క' అన్నది. అగో, నా తలకాయ తీసి చేతుల వెట్టినట్టయింది. తెల్లారంగనే డబ్బా మూత ఇప్పిన. లోపట ఏమున్నదో ఎరుకేనా?"

"ఎలుక" అన్నడు రాయమల్లు.

"బొగ్గు అన్నా, బొగ్గు! వాల్యూమ్ అంటె ఏందనుకున్నవ్, గుర్రపు నాడా లెక్క ఓ బొగ్గు పట్టి, దానిమీద జారే ఓ సన్న నాలిక. మనం తిప్పితె నాలిక జారుతది, సప్పుడు పెరుగుతది. ఆ పట్టి అరిగితె నాలిక ఎగిరెగిరి పడ్తది, గదే గరగర. ఇంకో తిరకాసేందంటె, ఆ పట్టి మొదట్నుంచి కొసదాక ఒక్కతీరుగ ఉన్నది. చెవి లెక్క గట్లుండదు. ఇంత తిప్పంగనే లస్మవ్వ నెత్తిమీదికెక్కె, ఆ మీద ఎంత తిప్పినా ఆడ్నే ఉండె. మెట్టుమెట్టుకు రెట్టింపు గావాలె, గప్పుడే చెవికి మెల్లమెల్లగ ఎక్కినట్టుంటది."

"అది మాత్రం నిజవేనయ్యా" అన్నడు విశ్వేశ్వరరావు సారు. మా గనిల పని చూసే ఓవర్‌మన్, గుంటూరు దిక్కు మనిషి, ఇంట్ల పాత రేడియోలు ఇప్పి బిగిచ్చుకుంట కూసుంటడు.

"సారే ఒప్పుకున్నంక ఇగ మీదేంది! ఆ పట్టి పీకి అవతల పారేసిన. కోఠి గల్లీల ఎన్నడో కొనుక్కచ్చిన పన్నెండు మెట్ల స్విచ్చు నా సామాన్ల పెట్టెల ఉండె. మెట్టుకొక్క రెసిస్టర్ ఏరి టంకం పెట్టిన. జారుడు లేదు, అరుగుడు లేదు, టిక్కు, టిక్కు, టిక్కు."

"మరి దాన్ని ఎక్కడ పెట్టావ్? మొదటి ట్రాన్సిస్టర్‌కి ముందా, వెనకా?"

"గదీ సారూ, అడుగుడంటె! లస్మవ్వ గట్టిగ ఎత్తుకుంటె మొదటి ట్రాన్సిస్టర్ కాడ్నే గొంతు పగిలిపోతాంది. దాని ఎనుక వాల్యూమ్ ఎంత తగ్గిచ్చినా ఏం ఫాయిదా? పాలు విరిగినంక మంట తగ్గిచ్చినట్టే. పోనీ అన్నిటికంటె ముందట పెడ్తెనేమో, సన్నగ పాడేటప్పుడు ఎనుకకెల్లి ఉస్సుమని పాము బుస. అందుకని మొదటి దాని జోరు జర తగ్గిచ్చి, దాని ఎనుక నా స్విచ్చు పెట్టిన."

సారు తల ఊపిండు. గంతే, కొమురెల్లికి రెక్కలచ్చినయ్.

"సాయంత్రం లస్మవ్వ అచ్చి నిలవడ్డది. నేను ఒకటో మెట్టు మీద పెట్టిన. గ్రౌండంత నిశ్శబ్దం. మూడో మెట్టుకు ఆమె గాజుల సప్పుడు ఎనుక వరుసల ముసలోల్లకు ఇనవడ్డది. ఐదో మెట్టుకు కమాన్‌పూర్ల నాగలి వట్టినోడు, అమ్మ పిలిచిందని ఎడ్లను ఇడిసిపెట్టి ఇంటికి ఉరికిండు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఎనిమిదో మెట్టు! పాట గోదారి దాటింది. రామకృష్ణాపూర్ల ఆమె వాడకట్టు ఆడోల్లంత వాకిట్లకచ్చి కోరస్ అందుకున్నరు, ఆ కోరస్ మల్ల గోదారి దాటి మన మైకుల వడ్డది!"

"నీల్లల్ల తడవలేదా?" అన్నది సారవ్వ.

"తడవలే గని జర సల్లవడ్డది. పదో మెట్టుకు ఓపెన్‌కాస్టు దుమ్ము లేసింది లేసినట్టే ఆగి తాళమేసింది. ఇది గూడ కాదు, సున్నా సంగతి చెప్త ఆగుండ్రి. పాట అయిపోయినంక సున్నాకు తిప్పిన. సప్పుడు బందంటె ఎంత శుద్ధంగ బందయిందంటె, మైకే కాదు, మంది నోర్లు గూడ బందయినయ్. కుక్క నోరు తెరిసింది, అరుపు బయటికి రాలే. చప్పట్లు కొడ్తాండ్రు, సప్పుడు లేదు! ఐదు నిమిషాలు గట్లనే ఉండె. మల్ల నేను ఒకటో మెట్టుకు తిప్పితె గప్పుడు ఇనవడ్డయ్ చప్పట్లు, ఐదు నిమిషాలయి ఒక్కపారే. గ్రౌండ్ అదిరింది."

సారు కండ్లద్దాలు తీసి తుడుసుకుంటాండు, నవ్వాపుకోలేక.

"ఇగ పన్నెండో మెట్టు. గది నేను ఎవలకూ చెప్పలే. ఆమె రెండో పాట అందుకున్నది, నేను తిప్పిన. పాట భూమిలకు దిగింది. మూడు వందల మీటర్ల కింద బొగ్గు తట్టలెత్తే కార్మికులు తట్టలు కింద వెట్టి, టోపీలు తీసి, చెయ్యి గుండెమీద..."

"ఆగు" అన్నది సారవ్వ, వడపోసే బట్ట చేతులనే ఉంది. "సమ్మె అంటివి గదరా. సమ్మెల గనిల తట్టలెత్తింది ఎవలు, మీ తాత?"

హోటలంత గొల్లుమన్నది. కొమురెల్లి చాయ్ ఒక్క గుక్క తాగిండు. చెమట తుడుసుకున్నడు.

"తట్టలోల్లు కాకుంటె పంపులోల్లు అక్కా. గని మునగకుండ ఎవడో ఒకడు పంపు నడపాలె గద సమ్మెలనైనా. ఆ పంపు కాడి మనిషి ఇన్నడు. ఇని ఏడ్సిండు గూడ."

అప్పటిదాక గోడకు ఒరిగి కండ్లు మూసుకున్న గట్టయ్య కాక కండ్లు తెరిసిండు. తక్కువ మాట్లాడే మనిషి.

"ఆ పంపు కాడ ఉన్నది నేనే కొమురెల్లీ."

అందరు ఆయన దిక్కు తిరిగిండ్రు.

"పంపు మోతకు నా దగ్గు నాకే ఇనవడలే. పాట యాడిది? ఏడ్సుడు యాడిది?" ఆయన లేసి తువ్వాల దులుపుకున్నడు. "పైకచ్చినంక మా ఇంటిది చెప్పింది. లస్మవ్వ పాడిందట, ఒక్క మాట గూడ పోకుండ ఇనవడ్డదట, పక్కపొంటి పాడినట్టే ఉండెనట. నేను లేకపోతినే అని మనసుల వడ్డది. గంతే."

కొమురెల్లి ఖాళీ గిలాస దిక్కు చూసుకుంట, "గరగర మాత్రం రాలే కాకా" అన్నడు మెల్లగ. "గది ఒట్టు."

రాయమల్లు మీసం నిమురుకున్నడు.

"డీజే వద్దు తీ. జూన్ రెండుకు నీ సెట్టే. లస్మవ్వకు నేను ఫోన్ కొడ్త. ఒక్కటే షరతు."

"చెప్పన్నా, ఏదైనా సరే!"

"వైర్లు నువ్వే గుంజు, డబ్బా నువ్వే తిప్పు. మైకు టెస్టింగు మాత్రం సారవ్వ చేస్తది. నీ నోటి కాడికి మైకు అచ్చిందా, మూడో తారీకు దాక సభ అయిపోదు."