కడిగిన గిన్నె

ఊళ్ళోవాళ్ళు తలా కాస్త తెచ్చిచ్చిన సరుకుల్ని లేని ఇళ్ళకు పంచే గది అది. మూటలు కట్టే పెద్దావిడ తలుపు తీసేసరికి, మొన్న అత్తగారిని పోగొట్టుకున్న కోడలు సంచీతో గుమ్మంలో నిలబడి ఉంది.

"మా అత్తయ్య మూటలక్కా. తిరిగిచ్చేద్దామని తెచ్చాను."

పెద్దావిడ సంచీలోకి చూసింది. అన్నీ తను వేసిన ముళ్ళే. ఒక్కటీ విప్పలేదు.

"పళ్ళు లేవని మెత్తటి పిండి వేరే కట్టి, పాలబండిలో పంపేదాన్ని కదమ్మా. ముట్టుకోనే లేదా?"

"అన్నీ మంచం కింద దొరికాయి. బడికి సెలవులిస్తే పిల్లలకి మధ్యాహ్నం తిండి ఉండదని, అప్పటికి దాచిందట. చిన్నదానితో చెప్పిందట."

"మరి నీకు తెలియలేదా?"

"పనినుంచి వచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉండేది. తిన్నావా అత్తయ్యా అంటే, 'తిన్నానమ్మా, ముసలి కడుపుకి పిడికెడు చాలదా' అని నవ్వేది. తడి గిన్నె చూసి నమ్మేశాను."

"నీ ఒక్కదాని తప్పు కాదులే. మూట పంపితే కడుపు నిండినట్టేనని మేమూ అనుకున్నాం."

"ఇవి నా చేత్తో వండలేనక్కా. ఎవరికైనా ఇచ్చేయండి."

"పిల్లలకని దాచినవి పిల్లలకే పెట్టాలి. చేతులు రాకపోతే నేనొచ్చి వండుతాను. పొద్దున్నుంచి నువ్వేమైనా తిన్నావా?"

"తిన్నానక్కా."

పెద్దావిడ తను తెచ్చుకున్న గిన్నె మూత తీసి ఆమె ముందు పెట్టి, ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది.

"నేను చూస్తుండగా తిను."