గీతల కింద మనిషిని మరువని మా గీతల మాస్టారు

ముప్పై రెండేళ్ళ క్రితం, జూలై మాసపు మొదటి సోమవారం ఉదయాన, నిలువునా వానకు తడిసిన చొక్కాతో, చంకలో చుక్క నీరు సోకని సర్టిఫికెట్ల కవరుతో మా సంస్థ చిత్రవిభాగంలో ప్రోగ్రామరుగా చేరిన యువకుడు, నేడు ఆ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. "గొడుగు తెచ్చుకోలేదా బాబూ?" అని ఆనాటి గుమస్తాగారు జాలిపడితే, "తెచ్చానండీ, కాగితాలకి పట్టాను" అన్నారట. ఆ మాట విన్న క్షణంలోనే ఈయన ఇక్కడ నిలదొక్కుకుంటారని గుమస్తాగారు తేల్చేశారు.

ఓడరేవులకు కావలసిన ప్రోగ్రాములు రాయడం మా సంస్థ వృత్తి. ఆ రోజుల్లో కంప్యూటరు తెర మీద రేవు పటం గీయడమే ఒక ప్రహసనం. ఓడల గుర్తులను కూడా నేరుగా ఆ పటం మీదే గీసేవారు. ఓడ కాస్త కదిలితే పాత గుర్తు చెరపాలి, గుర్తు చెరిపితే దాని కింది పటమూ చెరిగిపోయేది, మళ్ళీ పటమంతా మొదటి నుంచీ గీయాలి. ఈలోగా రేవు ఉద్యోగులు తాపీగా టీ తాగి వచ్చేవారు. కొత్తగా చేరిన ఈ ప్రోగ్రామరుగారు పటాన్ని ఒక్కసారే గీయించి భద్రపరచి, దాని మీద గాజుపలక వంటి పారదర్శకమైన పొరను ఒకదాన్ని పరచి, ఓడలనూ దారులనూ పేర్లనూ ఆ పొర మీదే గీయించారు. పొర ఎన్నిసార్లు తుడిచినా కింది పటం చెక్కుచెదరలేదు. టీకి వెళ్ళే వంక పోయిందని రేవువాళ్ళు కొన్నాళ్ళు మూతి ముడుచుకున్నా, 'గీతల మాస్టారు' అని ముద్దుపేరు పెట్టింది కూడా వాళ్ళే.

అనంతరం వారు అంచెలంచెలుగా ఎదిగారు. ప్రసూతి ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే వారి సహధర్మచారిణి వారికి అన్నివిధాలా అండ. ఒక్క విషయంలో మరీనూ: మాస్టారికి ఎత్తు అంటే హడలు. ఇంట్లో బల్బు మాడిపోతే ఆవిడే స్టూలెక్కాలి. ఆయన స్టూలు పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంటారు. ఇది మా కార్యాలయంలో బహిరంగ రహస్యం.

అటువంటి మాస్టారు క్రేనెక్కిన వైనం ఇక్కడ చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

కంటైనర్లను దించే పెద్ద క్రేనుకు పైనుంచి కిందికి చూసే కెమెరా అమర్చి, ఆ చిత్రం మీద కంటైనరు ఎక్కడ వాలుతుందో చూపే గీతలనూ, ఎత్తూ బరువూ తెలిపే అంకెలనూ వేసే పని మా విభాగానికి వచ్చింది. మరుసటి ఏడాది నుంచి క్రేను మీది గదులు తీసేసి, నడిపేవాళ్ళను కింద గదిలో కేవలం తెరల ముందు కూర్చోబెట్టాలన్నది రేవువారి సంకల్పం. అయితే క్రేను నడిపేవాళ్ళు మా గీతలను ఆపేసి పనిచేస్తున్నారని కబురొచ్చింది. "కొత్తదనేసరికి మొదట్లో ఎవరికీ మింగుడుపడదు, వాళ్ళే దారికొస్తారు" అన్నారు డైరెక్టరుగారు. "నేనే ఒకసారి చూసొస్తాను" అనేశారు మాస్టారు. క్రేను గది ఎక్కడుంటుందో ఆ తరువాత గుర్తుకొచ్చింది.

ఆ క్రేను నడిపేది, రేవులో అందరూ పెద్దక్క అని పిలిచే ఒక మహిళ. లిఫ్టు పైకి చేరాక, "వచ్చేశాం సార్, కళ్ళు తెరవండి" అందామె.

"తెరిచే ఉన్నాయమ్మా" అన్నారు మాస్టారు, మూసుకునే.

ఆ గదికి నేల కూడా గాజే. పెద్దక్క కాళ్ళ సందున కిందికి చూస్తూ పని మొదలెట్టింది. కిందికి చూసే ధైర్యం లేని మాస్టారు చూపంతా గదిలోని తెరకే అతికించారు. కంటైనరు దిగుతోంది, గీతలు దానికి అచ్చంగా సరిపోతున్నాయి. ఆయన ప్రాణం లేచొచ్చింది. ఇంతలో పెద్దక్క క్రేనును ఠక్కున ఆపేసింది.

"ఎందుకమ్మా ఆపారు? గీతలన్నీ బాగానే ఉన్నాయిగా!"

"కింద మనిషున్నాడు సార్."

"తెర మీద ఎవరూ లేరే?"

"తెర మీద కాదు, ఇటు చూడండి."

మాస్టారు కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, జన్మలో మొదటిసారి అంత ఎత్తు నుంచి కిందికి చూశారు. లారీ పక్కన ఒక పసుపుపచ్చ హెల్మెట్. ఎవరో వంగి గొళ్ళెం సరిచేస్తున్నాడు. తెర మీద సరిగ్గా ఆ చోట మాస్టారి అంకెలు, స్పష్టంగా కనబడాలని ఆయనే స్వయంగా వాటి వెనుక పులిమిన నల్లరంగుతో సహా, దర్జాగా కూర్చుని ఉన్నాయి.

"మేం చెప్పాం సార్, అడ్డమొస్తున్నాయని" అంది పెద్దక్క నవ్వుతూనే. "రంగు మార్చి పంపారు."

ఆ పూటంతా మాస్టారు కదలలేదు. చెమటలు తుడుచుకుంటూ, కాసేపు తెరనీ కాసేపు నేలనీ చూస్తూ కూర్చున్నారు. దిగి వచ్చి నేరుగా డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళారు.

"కొనేవాళ్ళకి ఆ పెద్ద అంకెలే నచ్చాయండీ. నెలాఖరుకి ఇస్తామని మాటిచ్చి ఇప్పుడు తీసేస్తానంటే ఎలా?" అన్నారు డైరెక్టరుగారు.

"తీసేయనండీ, పక్కకి జరుపుతాను. ఇంకొంచెం గడువిప్పించండి. కాదంటే నా సంతకం లేకుండా పంపుకోండి. పైన గది తీసేశాక ఆ మనిషిని చూడ్డానికి గాజునేల కూడా ఉండదు."

డైరెక్టరుగారు ఆయనను ఎగాదిగా చూశారు. "మీరు నిజంగా క్రేనెక్కారా?"

"ఎక్కానండీ."

"మీరే?"

"నేనేనండీ."

"అయితే ఇదేదో పెద్ద విషయమే" అని ఆయన గడువు పొడిగించారు.

అంకెలు తెర అంచుకు తరలిపోయాయి, గీతలు సన్నబడ్డాయి, బరువు నేలను సమీపించేకొద్దీ అవి పలచబడి కింది దృశ్యానికి దారి వదిలాయి. ఆ గీతలను ఇక ఎవ్వరూ ఆపేయలేదు. కింది గదిలోకి మారిన తొలిరోజున పెద్దక్క ఫోను చేసి, "మనిషి కనబడుతున్నాడు సార్" అని ఒక్క మాట చెప్పింది. ఆ సాయంత్రం మాస్టారు విభాగమంతటికీ మిఠాయిలు పంచారు. ఎందుకో అడిగితే చెప్పలేదు. పెద్దక్కను అడిగి తెలుసుకున్నాం.

విభాగాధిపతి అయ్యాక వారు ఎంతోమందిని తీర్చిదిద్దారు. ఎవరు ఎంత అందమైన గీత గీసి చూపినా వారి తొలి ప్రశ్న ఒకటే: "బాగుంది. దీని కిందేముంది?" ఆ ప్రశ్నకు జవాబు తడుముకోని వారు మా విభాగంలో ఒక్కరూ లేరు, ఈ వ్యాసరచయితతో సహా.

విశ్రాంత జీవితాన్ని ఎలా గడుపుతారని వారి శ్రీమతిగారిని అడిగితే, "ముందు ఒక నెల నిద్రపోనివ్వండి, ఆ తర్వాత వంట నేర్పిస్తాను" అన్నారు. కూరలు తరగడంలో ఆయన నైపుణ్యాన్ని తాను ఇప్పటికే పరీక్షించాననీ, ముక్కలన్నీ ఒకే కొలతలో వస్తున్నాయి గానీ భోజనానికి సాయంత్రమవుతోందనీ వారి అమ్మాయి సెలవిచ్చింది.

తెరల వెలుతురులో అలసిన ఆ కన్నులకు చల్లని ఉదయాలూ, ఆ ఇంట నవ్వులూ, ఒంట సత్తువా నిండుగా ఉండాలనీ, దంపతులిద్దరూ నూరేళ్ళూ ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలనీ మనసారా కోరుకుంటున్నాం. మాస్టారూ, తీరికున్నప్పుడల్లా ఇటు రండి. మీ కుర్చీలో కూర్చునే ధైర్యం మాలో ఎవరికీ ఇంకా రాలేదు.