అక్క వంతు

సికింద్రాబాద్ గురుకుల హాస్టల్లో ఆదివారం ఇంటికి ఫోన్ చేసుకునే పిల్లల వరుస. జాబితా చూసే పదో తరగతి లీడర్ దగ్గరికి, కొత్తగా చేరిన ఐదో తరగతి పిల్ల ఏడుస్తూ వచ్చింది.

"అక్కా, నా ఐదు నిమిషాలు అయిపోయినయ్. అమ్మ పని కాడ ఉన్నట్టుంది, ఫోన్ ఎత్తలే."

"ఏడ్వకు. జెరసేపట్ల నా వంతొస్తది, అప్పుడు మళ్ల చెయ్యి."

"మరి నువ్వు మీ అమ్మతోని మాట్లాడవా?"

"మా అమ్మ దసరా ముందల చనిపోయింది."

"లిస్టుల నీ పేరున్నది గద?"

"నేనే రాస్తున్న. ప్రతి వారం మీల ఒకరు ఏడ్సుకుంట వస్తరు, వాళ్లకిస్త."

"అక్కా, ఇయ్యాల ఒక్క నిమిషం నువ్వు సుత మా అమ్మతోని మాట్లాడు."

"నేనేం మాట్లాడ. 'తిన్నవా బిడ్డా' అని నన్ను ఒక్కసారి అడుగుమను."