మిషన్ మీద ఎర్ర గుండ్రం

ఏదీ, ఆ ఫోను ఇలా తే బాబూ. అంత దూరంగా పట్టుకుంటే నాకు అవుపడదు లా. ఈ ‘లా’ ఇక్కడోళ్ళ మాటకి తోక, పట్టించుకోకు. ఆఁ, ఇదా! ఈ ఎర్ర గుండ్రం ఏటని అడగడానికా ఎండలో ఇంత దూరం కారేసుకొచ్చినావు? మీ ఇంజినీర్లు ఎవులికీ తెలీదా? అక్కడ బోల్టు లేదు, స్విచ్చి లేదు, ఏటీ బిగించరు, అయినా మీ కంపెనీ నుంచి ఈ మలేషియాకొచ్చే ప్రతి మిషన్ మీదా పెయింటేసి వొస్తంది, అంతేనా? అలామక్! కూకో, కూకో. తే తారిక్ తాగు, నురగ టీ. సీతారాం తాతని అడుగు అని నీకు సెప్పినోడు ఎవుడోగానీ తెలివైనోడే. ఆ గుండ్రం మా బావది. దాసు బావ. మా శాంతక్క మొగుడు. అక్క లోపలే ఉన్నాది, కాస్త నెమ్మదిగా మాటాడు. మోకాళ్ళు పోయినాయి గానీ సెవులు మాత్రం ఇంకా బాగా పనిసేస్తాయి.

మా బావంటే ఎవులనుకున్నావు? ఇప్పుడు నీకు జీతమిస్తన్న కంపెనీకి అప్పట్లో ఇక్కడ ఏజెంటు. ఎంత ఎండ కాసినా మెడలో టై ఉండాల. క్లాంగ్ లిటిల్ ఇండియాలో దోసె తినడానికి ఎల్లినా టై కట్టుకునే ఎల్లీవోడు. సాంబారు టై మీద పడీది, అక్క తిట్టుకుంటా ఉతికీది. దానికి తోడు కేబులు ఫేక్టరీల సంఘానికి సెక్రెటరీ. అబ్బో, ఆ కుర్చీ అంటే పెళ్ళాం తరవాత పెళ్ళామే లా! సంఘం వార్తలని నెలనెలా ఒక కాయితం అచ్చేయించీవోడు. ఎవులు కొత్త మిషన్ తెప్పించినారు, ఏ తవుకే, అదే ఏ ఫేక్టరీ ఓనరు, కూతురికి పెళ్ళి, డిన్నరు ఏ హోటల్లో, అన్నీ అందులోనే. ప్రతి కాయితంలోనూ ఒక ఫొటో, ఆ ఫొటోలో ఎవులికో సెయ్యిచ్చి మా బావ. సెయ్యి అవతలోడికి, మొకం కెమేరాకి. ఒకసారి పెద్ద తవుకే ఒకాయన పోతే సంతాపం వార్త ఏసినాడు. దాని కింద కూడా పళ్ళన్నీ అవుపడేలాగ నవ్వుతా ఈయనే! “ఏటి బావా ఇది, సచ్చిపోయినాయన్ని చూసి నవ్వుతున్నావేటి?” అంటే, “ఆయనతో నాకు మంచిగా వొచ్చిన ఫొటో ఇదొక్కటేరా సీతారాం” అన్నాడు. అలాటోడు.

సరే, గుండ్రం కదా, వొస్తన్నాను, తొందరపడకు. నేనప్పుడు పోర్టు క్లాంగ్ రోడ్డులో ఒక చైనా తవుకే ఫేక్టరీలో మిషన్ నడిపీవోణ్ణి. బావ ఆ తవుకే సుట్టూ తిరిగి తిరిగి, రాగి తీగ మీద ప్లాస్టిక్కు తొడిగే కొత్త మిషన్ తెప్పించినాడు. ఇటలీ నుంచి. దానికో సోకు ఉన్నాది, తీగ ఎంత మందం ఉన్నాదో ఒక కన్ను చూస్తా ఉంటాది. కొంచెం లావైతే సాలు, తనంతట తనే ఆగిపోద్ది. నీకు తెలుసు, నువ్వు సదువుకున్నోడివి. మాకప్పుడు అది వింత లా. నడిపించి సూపించే రోజున సంఘంలో తవుకేలందరినీ పిలిసినాడు. కంపెనీ దొర కూడా వొచ్చినాడు. పొడుగ్గా, ఎర్రగా, సెమటలు కారుకుంటా. ఆ దొర ముందే సెప్పేసినాడు, ఈ రోజు గానీ మిషన్ సరిగ్గా నడవకపోతే ఏజెన్సీ కౌలాలంపూర్లో ఇంకొకాయనకి ఇచ్చేస్తామని. బావ ఆ వారమంతా సరిగ్గా తినలేదు. పైకి మాత్రం టై సద్దుకుంటా తిరిగినాడు.

మరి మనోళ్ళు కొత్తది ఏదొచ్చినా బొట్టెట్టకుండా కదిలిస్తారేటి? సుంగై సుమున్ ఎస్టేటులో మా అమ్మ దేవుడమ్మ, కొత్త సైకిలుకి బొట్టు, కొత్త కుట్టుమిషన్‌కి బొట్టు, ఆఖరికి మా నాన్న రేడియో కొంటే దానికీ బొట్టు. అక్కకి ఆ అలవాటే. పట్టుసీర కట్టుకుని, కుంకం బరిణె పట్టుకుని వొచ్చింది. మిషన్ చుట్టూ తిరిగి సూసి, “దీని మొకం ఎటేపు?” అని అడిగింది. బావ ఊరుకుంటాడేటి, అంతమంది ముందు! గాజుబిళ్ళ సూపించి, “ఇదే దీని కన్ను శాంతా, దీని గొప్పంతా ఇక్కడే ఉన్నాది” అన్నాడు. గొప్పంతా అక్కడే ఉంటే బొట్టు ఇంకెక్కడ ఎడతాది? నిండుగా, గుండ్రంగా, ఆ గాజు మీదే ఎట్టేసింది. కొబ్బరికాయ కొట్టినారు, నేను స్విచ్చి ఏసినాను. నడిసింది, ఆగిపోయింది. మళ్ళీ ఏసినాను, మళ్ళీ ఆగిపోయింది. దొర పరుగెత్తుకొచ్చి తలుపులు తీసినాడు, వైర్లు సూసినాడు, నన్ను సూసినాడు. నేనేం సేసినాను లా! తవుకేలు ఒకళ్ళనొకళ్ళు సూసుకుంటన్నారు. బావ మొకం తెల్లగా అయిపోయింది. ఆఖరికి దొర టార్చిలైటు ఏసి సూసి, “వాట్ ఈజ్ దిస్ రెడ్?” అని గుడ్డ తీసినాడు. అంతే బాబూ! మా బావ ఆ గుడ్డకీ గాజుకీ మధ్యన సేతులు సాపి నిలబడిపోయినాడు. “నో, నో, నో టచ్!” అని. నేను సెవిలో సెప్పినాను, బావా, తుడిసేస్తే నడుస్తాది, ఏజెన్సీ పోద్ది బావా అని. నా మొకం కూడా సూడలేదు. “పోతే పోనీరా. నా పెళ్ళాం ఎట్టిన బొట్టు ఎవుడూ సెరపడానికి వీల్లేదు” అన్నాడు. దొరకి ఏటర్థమవుద్ది? వాచీ సూసుకున్నాడు, బ్యాగు సద్దుకోడం మొదలెట్టినాడు.

అప్పుడు మా అక్క వొచ్చింది. ఆవిడికి ఇంగ్లీషూ తెలీదు, మిషనూ తెలీదు. బావని మోసేత్తో పక్కకి తోసింది. ముందు పక్కనున్న రేకు మీద కొత్త బొట్టెట్టి, ఆ తరవాత పైట కొంగుతో గాజు శుభ్రంగా తుడిసింది. “సెరపలేదు, సోటు మార్చినాను. ఇంక నడుపు” అంది. నడిసింది లా! ఆ రోజు ఆగలేదు, తరవాతా ఆగలేదు. దొర సప్పట్లు కొట్టినాడు. ఆ నెల సంఘం వార్తల్లో బావ ఏటేసినాడో తెలుసా? “మిషన్ మొదటిసారే దిగ్విజయంగా నడిచినది” అని! కింద దొరకి సెయ్యిచ్చి ఈయన. కొంగుతో తుడిసినావిడ ఫొటోలో సగమే ఉన్నాది. అక్క దాని మీద ఎంత దెప్పీదో!

అందుకే గుండ్రం. మళ్ళీ గాజు మీద ఎట్టకుండా, ఇదిగో ఇక్కడ ఎట్టాలని, మీ కంపెనీకి సెప్పి ఆ రేకు మీద పెయింటేయించినాడు. ఎందుకని వాళ్ళడిగితే, మలేషియాలో ఇది లేకపోతే మిషన్ నడవదు అన్నాడంట. వాళ్ళు నమ్మినారు, సూసినారు కదా! అప్పట్నించీ ఈ సుట్టుపక్కల ఏ ఫేక్టరీకి ఆ మిషన్ వొచ్చినా అక్కని కార్లో తీసుకెల్లీవోడు. మలాయ్ ఫోర్‌మన్లు కూడా “మక్‌చిక్ వొచ్చిందా?” అని, అదే పిన్నమ్మ వొచ్చిందా అని, అడిగి గానీ స్విచ్చి ఏసీవోళ్ళు కారు.

తరవాత బావ పోయినాడు. గుండె. సంఘం మీటింగుకి టై కట్టుకుంటా పోయినాడు. మా తవుకే ఇంకో మిషన్ తెప్పించి, స్వయంగా ఈ ఇంటికొచ్చినాడు అక్కని తీసుకెల్లడానికి. “నాకే లేని బొట్టు మిషన్‌కేటి ఎడతాను?” అంది అక్క. ఆయనకి తెలుగు రాదు కదా, నన్ను సూసినాడు. బావ పోయిన రోజుకన్నా ఆ మాటన్న రోజే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది. ఆ తరవాత ఎన్ని మిషన్లొచ్చినా ఎల్లలేదు. అడిగీవోళ్ళూ మానేసినారు, ముసలోళ్ళు పోయినారు. గుండ్రం మటుకు పాపం అలాగే...

ఏటక్కా? ఎప్పుడొచ్చి నిలబడ్డావు? నేనేటీ అన్లేదు, బావ గురించి మంచే సెప్తన్నాను. ఫోనా? ఇదిగో, సూడు. ఈ అబ్బాయి సాయికృష్ణ అని, మనూళ్ళేపు నుంచే వొచ్చినాడు, బావ కంపెనీయే. రేపు సంఘమోళ్ళ ముందు కొత్త మిషన్ నడిపిస్తాడంట. అవునక్కా, ఇంకా ఏస్తన్నారు. ఎందుకో ఎవులికీ తెలీదంట, అయినా ఏస్తన్నారు. ఏటి? అవును, గుండ్రం కాళీగానే ఉన్నాది, బొట్టు లేదు. కాళీగా ఉంటే బాగోలేదా? ... బాబూ, నువ్వా తే తాగు, సల్లారిపోతంది. ... అక్కా, బరిణె పై అరలో లేదు. బావ టైలున్న డబ్బాలో దాసినావు కదా. ... బాబూ, రేపు కారు గుమ్మం దాకా తే. ఆవిడికి మోకాళ్ళ నొప్పులు.