సారీ చెప్పించని ఆయమ్మ

సభకు పెద్దగా కూర్చున్న హెడ్ మేడమ్‌కు, పిల్లల కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఒదిగిన తల్లిదండ్రులకు, తోటి టీచర్లకు, ఇవాళ మనల్ని వదిలి వెళ్తున్న ఆయమ్మకు నమస్కారం.

పొగడ్తలన్నీ ముందు మాట్లాడినవాళ్లే వాడేసుకున్నారు. (నవ్వులు) నాకు మిగిలింది ఒక్క సంగతి. కాసేపట్లో ఆయమ్మకు సర్వీసు పత్రం ఇస్తారు. పక్క వీధి శిశు సంరక్షణ కేంద్రంవాళ్లు అది చూశాకే ఆవిడను పనిలోకి తీసుకునేదీ లేనిదీ చెబుతారట. అందులో చివరి వాక్యం: 'పిల్లల గదికి తగరు.'

మూడేళ్లవాళ్ల గదిలో ఆవిడ పద్ధతి మీకు తెలుసు. ఒకడు ఇంకొకణ్ణి కొడితే సారీ చెప్పించరు. కొట్టినవాడి చేతికి తడిగుడ్డ ఇచ్చి, ఏడ్చేవాడి పక్కన కూర్చోబెట్టి, ఏడుపు ఆగేదాకా లేవనివ్వరు. ఒక్కోసారి అరగంట, పాటా ఆగిపోతుంది, ఆటా ఆగిపోతుంది. శిశు వికాసంలో పట్టా పుచ్చుకుని అప్పుడే వచ్చిన నాకు అది చాదస్తంగా తోచి, ఇదేమిటని అడిగాను.

"సారీ నోటితో అయిపోతుంది టీచరమ్మా. అవతలివాడి మొహం చూడొద్దూ?" అన్నారు, ఊడవడం ఆపకుండానే. నాకు ఒళ్లు మండింది.

నిరుడు ఆవిడను సామాన్ల గదికి మార్చారు. ఎవరో తల్లి ఫిర్యాదు చేసిందనుకున్నారందరూ. కవలల అమ్మగారూ, ఏడాదిగా ఆ నింద మీరు మోస్తున్నారు. ఆ ఫిర్యాదు ఉత్తరం రాసింది నేను.



గది నా చేతికొచ్చాక పిల్లలు నెలలోపే సారీ నేర్చేసుకున్నారు. మన పిడుగైతే, వాళ్ల నాన్నగారు ఏమీ అనుకోకూడదు, ముందు సారీ చెప్పేసి తర్వాత కొట్టేవాడు. (నవ్వులు) దెబ్బ తిన్న పిల్ల గోడవైపు తిరిగి ఏడ్చేది. సారీ అయిపోయింది కదా అని నేను హాజరు వేసుకునేదాన్ని. ఒకరోజు ఆ పిల్ల ఏడుస్తూనే లేచి, వరండా దాటి, సామాన్ల గదిలో ఆయమ్మ పక్కన కూర్చుంది. తీసుకురావడానికి వెళ్తే, "ఉండండి, ఇంకా అవలేదు" అన్నారావిడ. గుమ్మంలో నిలబడ్డాను. పట్టా పరీక్షల్లో పిల్లల్ని ఓదార్చే పాఠానికి నాకు మంచి మార్కులే వచ్చాయి.

ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నానని పొద్దున రాసిచ్చాను. సభ అయ్యాక చూద్దామన్నారు మేడమ్. అయ్యాక అందరూ వెళ్లిపోతారు. ఆ చివరి వాక్యం మార్చమని ఇప్పుడే అడుగుతున్నాను. పెన్ను నా దగ్గరుంది.

(హెడ్ మేడమ్ పత్రం తెప్పించుకుని, ఒక వాక్యం కొట్టేసి, రాసి ఇస్తారు.)

చదువుతాను: 'పద్దెనిమిదేళ్లు మూడేళ్ల పిల్లల గదిని చూసుకున్నారు. ఇకపైనా చూసుకోగలరు.'

మేడమ్‌కు, ఓపిగ్గా విన్న మీకూ కృతజ్ఞతలు. సెలవు.