గాలిగారి డిస్కుకు ఒక ఓర్వలేని అభినందన

1989 జూలై 3వ తేదీ ఉదయం, మన కార్ల కర్మాగారపు బ్రేకుల రూపకల్పన విభాగంలో శ్రీయుత గాలిగారు జూనియర్ ఇంజినీరుగా బాధ్యతలు స్వీకరించారు. అదే ఉదయం, వారికన్నా అరగంట ముందే ఈ వ్యాసకర్త కూడా చేరాడన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆ అరగంట మినహా మరే విషయంలోనూ వారికంటే ముందుండే యోగం నాకు పట్టలేదు.

గాలిగారన్న ఆ పేరు నేను పెట్టిందే. తొలినాళ్లలో ఒక కొత్త కారుకు ముందు చక్రాలతో పాటు తిరిగే బ్రేకు డిస్కు గీయమని మా ఇద్దరికీ విడివిడిగా అప్పగించారు. డిస్కు ఎంత పెద్దదైతే చక్రాన్ని పట్టి ఆపే బలం అంత అధికమన్నది శాస్త్రసమ్మతం కనుక, నేను భోజనం పళ్లెమంతది గీశాను. వారు చిన్నదే గీసి, రెండు పలకల నడుమ గాలి ఆడేందుకు దారులు విడిచారు.

"మధ్యలో గాలి తప్ప ఏముందండీ?" అని నలుగురిలో నవ్వాను.

"వేడి పోవాలి కదండీ," అన్నారు వారు, కోపగించకుండా.

చదును రోడ్డు మీది పరీక్షలో నా డిస్కే గెలిచింది. క్యాంటీనులో అందరికీ టీ ఇప్పించాను. మరునాడు కొండ దిగే పరీక్షలో మాటిమాటికీ బ్రేకు వేయగా నా డిస్కు కాగిపోయి, దాన్ని నొక్కి ఆపే ప్యాడ్ల పట్టు సడలింది. "పెడల్ గట్టిగానే ఉంది సార్, బండే ఆగట్లేదు!" అని డ్రైవరు వైర్‌లెస్‌లో కేకపెట్టాడు. చివరికి ఆ బండిని రోడ్డు పక్క ఇసుక గుట్ట ఆపింది. వారి డిస్కు మాత్రం మొదటి మలుపులో ఎలా ఆపిందో, చివరి మలుపులోనూ అలాగే ఆపింది. ఎగతాళికి పెట్టిన పేరు ఆనాటి నుంచి బిరుదై కూర్చుంది. నా డిస్కును ఊళ్లో తిరిగే చిన్న కారుకు సరిపెట్టారు. వారు అంచెలంచెలుగా ఎదిగి విభాగాధిపతి అయ్యారు. నేను కళ్లలో నిప్పులు పోసుకున్నాను.

ఇంతటివారికీ ఒక బలహీనత ఉంది. వేరొకరు నడిపే కారులో కూర్చుంటే లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉంటారు. "ముందు కూర్చోబెడితే నన్ను నడపనివ్వరని వెనక్కి పంపానండీ. అక్కడా ఊరుకోరు, నా సీటు తన్నుతారు!" అని వారి శ్రీమతి మా ఆవిడతో మొరపెట్టుకున్నారట. అది విన్న రోజు నాకు కంటినిండా నిద్ర పట్టింది.

నిరుడు మా అమ్మాయికి కొండ మీది ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. రోజూ ఆ వాలు దిగి ఇంటికి రావాలి. "నాన్నా, కోప్పడకు. నీ బ్రేకున్న కారు కొననా, గాలి అంకుల్‌దా?" అని అడిగింది.

"వాడిదే కొనమ్మా," అన్నాను.

ఆ పిల్ల ప్రతి సాయంత్రమూ క్షేమంగా గుమ్మం ఎక్కుతున్నది. గాలిగారికి చెక్కుచెదరని ఆరోగ్యమూ, సుదీర్ఘమైన ఆయుష్షూ కలగాలని దాని తండ్రిగా మనసారా కోరుకుంటున్నాను. సహోద్యోగిగా అడిగితే, ఇంకా కుళ్లుకుంటూనే ఉన్నాను.